‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలలో భయం, విశ్వాసం

చినువా అచెబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ (1958)లో ఎంబాంటా పెద్దలు మిషనరీలకు చర్చి కట్టుకోవడానికి దుష్టారణ్యంలో స్థలమిస్తారు. నాలుగు రోజుల్లో వారంతా మరణిస్తారని ఊరి నమ్మకం. ఎవరూ మరణించరు. మూఢనమ్మకంపై విశ్వాసం సాధించిన విజయంగా మాత్రమే ఈ ఘట్టాన్ని చదవడం తొందరపాటు. క్రైస్తవంలో చేరిన తొలి స్త్రీ న్నెకా, నాలుగు కాన్పుల్లోనూ కవలలనే కని, ఆ పసికందులను ఆచారానికి పోగొట్టుకున్న గర్భిణి. ఒకోంక్వో కుమారుడు న్వోయెను కదిలించినది త్రిత్వ సిద్ధాంతం కాదు (అది అతనికి అర్థమే కాలేదు). చీకటిలో, భయంలో మగ్గే సోదరుల గురించిన కీర్తన. కవలల ఏడుపు, ఇకెమెఫునా హత్య తనలో రేపిన ప్రశ్నకు అందులో జవాబు ఉన్నట్లు అతనికి తోచింది. అయితే పవిత్ర సర్పాన్ని చంపాడన్న నింద మోసిన ఒకోలి జబ్బుపడి మరణిస్తాడు. ఆ మరణానికి అచెబె వేరే కారణం చెప్పడు. దేవతలు తమ పోరు తామే సాగించగలరని తృప్తిచెందిన ఊరు క్రైస్తవులను వేధించడం మానుకుంటుంది. ఇక్కడ చర్చికి రక్షగా నిలిచినది పాత నమ్మకమే.