గోడకి ఇవతలి ఆరాధన

జైల్లో ఆరాధన అంటే బయటివాళ్లకి ప్రసంగం గుర్తొస్తుంది. లోపలికి వెళ్లొచ్చేవాళ్లకి గుర్తుండేవి చీటీలు. "ప్రార్థన మనవులుంటే రాసివ్వండి" అని అయ్యగారు అనగానే, అంతవరకూ వెనక గోడకి ఆనుకుని కూర్చున్నవాళ్లు కూడా కదులుతారు. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం, బిస్కెట్ ప్యాకెట్ లోపలివైపు, ఒకసారైతే ఛార్జిషీటు జిరాక్సు వెనకవైపు. పక్కవాడి చేత రాయించుకున్నవే ఎక్కువ. 'నేను విడుదల కావాలి' అన్న మాట వాటిలో ఉంటుంది గానీ, చాలావాటిలో అది ఆఖరి లైను. పైనంతా ఇల్లే. అమ్మకి షుగరు తగ్గాలి. చెల్లి సంబంధం కుదరాలి. మా ఆవిడ పుట్టింటికి పోయింది, తిరిగి రావాలి. పిల్లాడు టెన్త్ రాస్తున్నాడు. జామీను ఇచ్చేవాళ్లు దొరకాలి.

మా సంఘం నుంచి వెళ్లే బృందంలో నాది డోలక్. వాక్యం చెప్పే బాధ్యత లేదు కాబట్టి మనుషుల మొహాలు చూసే తీరిక దొరుకుతుంది. పెద్ద గేటుకి ఉన్న దిడ్డి తలుపులోంచి ఎంత పెద్దమనిషైనా వంగే లోపలికి వెళ్లాలి. ఫోన్లు, పర్సులు బయటే. డోలక్‌ని తట్టి, తిప్పి, తాళ్ల బిగింపులోకి కూడా తొంగి చూస్తారు. కేకునైతే కత్తితో నాలుగుచోట్ల పొడుస్తారు. అంత ముచ్చటగా చేయించిన కేకు అలా అయిపోతే మొదట్లో మా అక్కయ్యలకి ప్రాణం ఉసూరుమనేది. ఇప్పుడు ముక్కలు కోసే తీసుకెళ్తున్నాం.

ఈ పనిలో నలిగినవాళ్లకి కొన్ని పద్ధతులు వాటంతటవే అబ్బుతాయి. కొత్త పాటలు పనికిరావు. యూట్యూబులో లక్షలమంది విన్న పాటైనా ఏళ్ల తరబడి లోపలున్నవాడు విని ఉండడు. అదే పురుషోత్తమ చౌదరి కాలం నాటి పాత కీర్తన ఎత్తుకుంటే, నాయనమ్మ ఒళ్లో విన్నవాళ్లు పల్లవికే గొంతు కలిపేస్తారు. ప్రసంగం కుదించుకోవాలి, ఖైదీల లెక్క వేళకి అన్నీ ఆగిపోతాయి కాబట్టి. 'ఏం కేసు?' అని ఎవరినీ అడగకూడదు. పాపి, దోషి అన్న మాటలు వల్లించేముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో 75 శాతానికి పైగా విచారణ ఖైదీలే. న్యాయమూర్తి ఇంకా తేల్చని సంగతిని మన పాస్టరు గారు మైకులో తేల్చేస్తే ఎలా?

వచ్చి కూర్చునేవాళ్లంతా క్రైస్తవులు కారు. పాట కోసం వచ్చేవాళ్లున్నారు, బ్యారక్ బయట కాసేపు గాలి పీల్చుకోవడానికి వచ్చేవాళ్లున్నారు, కేకు కోసం వచ్చేవాళ్లూ ఉన్నారు. వస్తే తప్పేముంది? కొన్ని బృందాలు మాత్రం ప్రభువుని అంగీకరించి చేతులెత్తినవాళ్లని లెక్కపెట్టుకుని వెళ్తాయి. నాకది నచ్చదు. తాళం లోపల ఉన్నవాడు చెయ్యెత్తితే అది విశ్వాసమో మొహమాటమో ఎవరు చెప్పగలరు? అయినా లెక్కపెట్టడానికి అక్కడ వార్డర్లు ఉండనే ఉన్నారు.

జైలు ప్రసంగాలన్నిటిలోకీ ఎక్కువగా వినపడేది ఫిలిప్పీ చెరసాల ఘట్టం. పౌలు, సీల దెబ్బలు తిని, కాళ్లకి బొండ వేయించుకుని, అర్ధరాత్రి పాటలు పాడారు. భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. దాదాపు ప్రతి ప్రసంగీకుడూ అక్కడ గొంతు పెంచి, చప్పట్లు కొట్టించి ఆపేస్తాడు. కథ అక్కడ ఆగలేదు. తలుపులు తెరుచుకున్నా ఖైదీలెవరూ పారిపోలేదు. తెల్లారకముందే జైలు అధికారి పౌలు, సీలల గాయాలు కడిగి, వాళ్లని తన ఇంటికి తీసుకెళ్లి, భోజనం పెట్టాడు. అతని ఇంటిల్లిపాదీ ఆ రాత్రి బాప్తిస్మం పొందారు. భూకంపంతో మొదలైంది ఒక ఇంటి భోజనం దగ్గర ముగిసింది. మనం ఇంటిదాకా వెళ్లకుండానే తలుపుల దగ్గర ఆమెన్ చెప్పేస్తున్నాం.

ఒకప్పుడు ఆరాధనలో పక్కవాడు కూడా కనపడని జైళ్లుండేవి. ఇంగ్లండులోని లింకన్ కోటలో విక్టోరియా రాణి కాలపు జైలు చర్చి ఇప్పటికీ ఉంది. ఖైదీకో నిలువు చెక్కపెట్టె. అందులో నిలబడితే ప్రసంగించే పాదిరీ కనిపిస్తాడు, పక్కన ఉన్నవాడు కనపడడు. మనిషిని సావాసమే చెడగొడుతుంది, ఒంటరిగా ఉంచితే తనంతట తనే పశ్చాత్తాపపడతాడు అని ఆనాటివాళ్ల సిద్ధాంతం. 1842లో లండన్‌లో తెరిచిన పెంటన్‌విల్ జైలు ఆ పద్ధతికే నమూనాగా నిలిచింది. ఆ ఒంటరితనానికి మతి చలించినవాళ్లూ ఉన్నారు. మన దగ్గర చెక్కపెట్టెలు లేవు. పక్కవాడు కనిపిస్తాడు, భుజం తగులుతుంది. కానీ చీటీలో ఎవరి పేర్లు రాశాడో వాళ్లొక్కరూ కనిపించరు.

నేను చూసినంతలో ఆరాధన ఒక రోజు, ములాఖత్, అంటే ఇంటివాళ్లు వచ్చి కలవడం, ఒక రోజు. ఒక క్రిస్మస్ నాడు మేం కేకులు, డోలక్ దింపుకుంటుంటే, గేటు పక్క చెట్టు కింద ఒక పెద్దావిడ మనవరాలితో కూర్చుని ఉంది. కొడుక్కి పండగ బట్టలు తెచ్చింది, కొత్త చొక్కా మీద షాపు స్టిక్కరు కూడా తియ్యలేదు. "సెలవురోజు ములాఖత్ లేదమ్మా, రేపు రా" అన్నాడు గేటు దగ్గరి మనిషి. అతని తప్పేం లేదు, నిబంధన అది. ఆవిడ మా వైపు చూసి, "మీరు లోపలికి ఎలా వెళ్తన్నారు బాబూ?" అని అడిగింది. క్రిస్మస్ ఆరాధనకమ్మా అన్నాం. "నేనూ కిరస్తానీ దాన్నే కదయ్యా" అంది. ఆ పూట లోపల నా తాళం రెండుసార్లు తప్పింది.

మామూలు రోజున వచ్చినా దొరికేదేమిటి? ఆధార్ కార్డు చూపించి, పేరు రాయించుకుని, పిలుపు కోసం ఎండలో పడిగాపులు. తీరా లోపలికి వెళ్తే ఇనుప జల్లెడకి అటూ ఇటూ బారులు తీరిన జనం, అందరూ ఒకేసారి అరుపులు. సగం సమయం ఏడుపుకి, మిగతాది "వినపడలేదు, మళ్లీ చెప్పు" అనడానికి సరిపోతుంది. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని ఒక పావుగంట మౌనంగా ఉండే వీలు అందులో లేదు. ఇంటివాళ్లని రానిస్తే ఆరాధనలో ఉంటుంది.

ఇంటివాళ్ల కోసం ఈ ఆరాటం ఎక్కడైనా ఒకటే. అమెరికాలో అలబామా జైల్లో శిక్ష అనుభవించిన మేరీ కే బియర్డ్ అనే ఆవిడకి ఒక సంగతి గుర్తుండిపోయింది. క్రిస్మస్‌కి చర్చిలవాళ్లు తెచ్చిన సబ్బులు, టూత్‌పేస్టులు ఆడఖైదీలు వాడుకోకుండా దాచి, చూడటానికి వచ్చిన పిల్లలకి కానుకగా ఇచ్చేవారు. విడుదలయ్యాక 1982లో ఆవిడ షాపింగ్ మాల్‌లో క్రిస్మస్ చెట్టు పెట్టించి, ఖైదీల పిల్లల పేర్లు రాసిన కాగితపు దేవదూతల్ని దానికి వేలాడదీసింది. దారినపోయేవాళ్లు ఒక్కో పేరు తీసుకుని ఆ బిడ్డకి కానుక కొన్నారు, తల్లి పేరు మీదుగా. ఏంజెల్ ట్రీ అన్న పేరుతో ఆ పద్ధతి నిలబడింది. సబ్బులు పంచినవాళ్లకి తట్టని ఆలోచన సబ్బు దాచుకున్న చోటు నుంచి వచ్చింది.

బ్రిటన్‌లో లార్డ్ ఫార్మర్ 2017లో ఇచ్చిన నివేదికలో, కుటుంబం వచ్చి చూసిపోయే ఖైదీలు మళ్లీ నేరంలోకి వెళ్లే అవకాశం 39 శాతం తక్కువన్న లెక్క ఉంది. చూడటం వల్ల మారారా, మారేవాళ్లనే కుటుంబం వదలకుండా చూస్తోందా అని వాదించుకోవచ్చు. నాకు రెండో మాటలోనూ కొంత నిజం ఉందనిపిస్తుంది. మన చట్టమూ రాతిగోడేమీ కాదు. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 2006లో సుప్రీంకోర్టు, తల్లితో పాటు పిల్లలు ఆరేళ్లదాకా జైల్లో ఉండొచ్చంది. జైల్లో పుట్టిన బిడ్డ జనన నమోదులో పుట్టిన చోటు జైలని రాయొద్దంది. వీలైనంతవరకు నామకరణానికి సౌకర్యాలు కల్పించమనీ చెప్పింది. బిడ్డకి పేరు పెట్టే వేడుకకి చోటిచ్చిన చట్టం, ఆ బిడ్డ అమ్మమ్మ చాప మీద కూర్చుని ఒక కీర్తన పాడితే కూలిపోతుందా?

ఈ డిసెంబరుకి జైలుకి వెళ్లాలనుకుంటున్న సంఘాల పెద్దలకి నా మనవి. సూపరింటెండెంటు గారికి పెట్టే అర్జీలో ఒక్క వాక్యం కలపండి: ఆరాధనకి ఖైదీల తల్లుల్నీ, భార్యల్నీ, పిల్లల్నీ కూడా కూర్చోనివ్వండి అని. భద్రత దృష్ట్యా కుదరదంటే, మీ ఆరాధనని సెలవురోజు కాకుండా ములాఖత్ ఉన్న రోజుకి మార్చుకోండి. బృందంలో సగంమంది గేటు బయటే ఉండిపోండి. ఒక షామియానా, నాలుగు కుర్చీలు, మంచినీళ్ల క్యాను చాలు. కేకు ముక్కలు ముందు అక్కడ పంచండి. బెయిలొచ్చినా డబ్బు కట్టలేక ఉండిపోయామని రాసిన చీటీల్ని ప్రార్థన అయ్యాక చించేయకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి చేర్చండి. పేద ఖైదీల కోసం 2023లో కేంద్రం పెట్టిన పథకంలో విచారణ ఖైదీకి సాయం దొరుకుతుంది. అర్జీ మాత్రం నవంబరు మొదటి వారంలోనే ఇవ్వండి. డిసెంబరులో వెళ్తే అప్పటికే తేదీలన్నీ అయిపోతాయి.