ఉంగరం కింద చెమ్మ

తెలుగు పెళ్లిలో ఉంగరం నీళ్లలోంచే పైకి వస్తుంది. వధూవరులు బిందెలో చేతులు పెట్టి పోటీపడి వెతుకుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు చెరో పక్షం చేరి కేకలు వేస్తారు. వేలికి ఎక్కాక మాత్రం ఆ నీళ్లే దానికి పడవు. అంట్లు తోమినా, బట్టలు ఉతికినా, పిల్లలకు స్నానం చేయించినా ఉంగరం కింద చేరిన తడి అంత తేలిగ్గా ఆరదు. కొన్ని నెలలకో, కొన్నేళ్లకో వేలి చుట్టూ ఎర్రటి పట్టీ కనిపిస్తుంది. దురద మొదలవుతుంది, పొట్టు రాలుతుంది, గోకితే చెమ్మ ఊరుతుంది. ఇంట్లో వెంటనే వినిపించే మాట: ‘నీకు బంగారం పడటం లేదు.’

చాలాసార్లు బంగారం తప్పేమీ ఉండదు.

చేతులు కడుక్కున్న ప్రతిసారీ కాస్త సబ్బునీరు ఉంగరానికీ చర్మానికీ మధ్య నిలిచిపోతుంది. సబ్బు చర్మం మీది సహజమైన నూనెను లాగేస్తుంది. తడికి పైపొర నాని మెత్తబడుతుంది. ఆపైన లోహం అటూ ఇటూ కదులుతూ ఒరుసుకుంటూనే ఉంటుంది. ఇలా చర్మం రేగడానికి అలర్జీ ఉండనక్కర్లేదు, ఎవరికైనా రావచ్చు. వెడల్పాటి ఉంగరాలతో, రాళ్లు పొదిగినవాటితో ఈ బెడద ఎక్కువ. ఆవకాయ కలిపే రోజు ఉంగరం తీయనివాళ్లకు ఆ మంట బాగా తెలుసు. కారం కూడా ఆ సందులోనే చేరుతుంది మరి.

రాయి వేలికి తగలాలని వెనకవైపు తెరిచి చేయించుకునే జాతకపు ఉంగరాలను ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. రాయి చుట్టూ ఉన్న గూట్లో చపాతీ పిండి, సబ్బు నురగ, చెమట పేరుకుంటాయి. తీస్తే దోషమని ఏళ్ల తరబడి కదపనివాళ్లున్నారు. వాళ్ల నమ్మకాన్ని కాదనాల్సిన పని లేదు. రాత్రి పడుకునేముందు తీసి, శుభ్రం చేసి దేవుడి గూట్లో పెట్టి, పొద్దున స్నానమయ్యాక పెట్టుకుంటే భక్తికీ లోటుండదు, వేలూ ఆరుతుంది. నగలను కుంకుడుకాయ రసంలో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తోమడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. ఉంగరం లోపలివైపూ అలాగే తోమి, రసం మిగలకుండా మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. ముత్యం, పగడం ఉన్నవాటికి తడిబట్ట చాలు.

ఇక రెండో కారణం నికెల్ అలర్జీ. దీని తీరు వేరు. చెమటలోని ఉప్పు నగలోని నికెల్‌ను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అది చర్మంలోకి దిగితే కొందరి శరీరం దాన్ని శత్రువులా గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి అలా గుర్తుపెట్టుకుందంటే సాధారణంగా జీవితాంతం మరిచిపోదు. దద్దు కూడా తగిలిన వెంటనే కాక, ఒకటి రెండు రోజులు ఆగి తేలుతుంది. అందుకే ఆదివారం పెళ్లికి పెట్టుకున్న గిల్టు ఉంగరాన్ని వదిలేసి, సోమవారం తిన్న వంకాయ కూరను అనుమానిస్తారు.

నికెల్ పడనివాళ్లలో ఆనవాళ్లు వేలి దగ్గరే ఆగకపోవచ్చు. కమ్మలు పెట్టుకున్న చెవి తమ్మెల దగ్గర, గడియారం వెనకభాగం తగిలే మణికట్టు మీద, జీన్స్ గుండీ ఆనే బొడ్డు కింద, పుస్తెలతాడుకు గుచ్చిన పిన్నీసులు ఒరుసుకునే చోట దురద ఉంటే దాన్ని అనుమానించాలి. అయినా చర్మాన్ని చూసి ఇది సబ్బు వల్ల, అది నికెల్ వల్ల అని తేల్చడం డాక్టర్లకూ కష్టమే. అందుకు ప్యాచ్ టెస్ట్ చేస్తారు. అనుమానమున్న పదార్థాలను కొద్దికొద్దిగా వీపు మీద అతికించి, 48 గంటల తర్వాత తీసి చూస్తారు. ఒకటి రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. 1895లో జోసెఫ్ యాడాసోన్ అనే జర్మన్ చర్మవైద్యుడు చూపించిన దారి ఇది. ఇప్పటికీ దీన్ని మించిన పరీక్ష లేదు.

ఈ అలర్జీని చట్టంతో తగ్గించవచ్చని డెన్మార్క్ నిరూపించింది. చర్మానికి తగిలే వస్తువుల నుంచి వెలువడే నికెల్‌కు అక్కడ 1990లోనే హద్దు పెట్టారు. 1994లో యూరోపియన్ యూనియన్ అదే బాట పట్టింది. చదరపు సెంటీమీటరుకు వారానికి 0.5 మైక్రోగ్రాముకు మించి నికెల్ ఊడకూడదన్నది ఆ నియమం. చట్టం వచ్చాక చెవులు కుట్టించుకున్న తరం డేనిష్ అమ్మాయిల్లో ఈ అలర్జీ తగ్గుముఖం పట్టింది.

మన దగ్గర పేరు చూసి మోసపోయే లోహం ఒకటుంది. జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, అది రాగి, నికెల్, జింక్ కలిసిన మిశ్రమం. కుంకుమ భరిణెగా అది ఇంట్లో ఉంటే ఇబ్బంది లేదు. రోజంతా వేలికి ఉంటే నికెల్ పడనివాళ్లకు కష్టమే. వైట్ గోల్డ్‌లో తెలుపు కోసం కొందరు పల్లాడియం, కొందరు నికెల్ కలుపుతారు. పైన వేసే రోడియం పూత కొంతకాలానికి అరిగిపోతుంది. రోల్డ్ గోల్డ్, వన్ గ్రామ్ గోల్డ్ నగలకూ అంతే, పూత అరిగాక చర్మానికి తగిలేది లోపలి లోహమే. రాగి ఉంగరం కింద వేలు పచ్చబడటం మాత్రం జబ్బు కాదు. రాగి చెమటతో కలిసి ఇచ్చే రంగు అది, కడిగితే పోతుంది.

మెట్టెల మాట ఎవరూ ఎత్తరు. నాట్ల రోజుల్లో పొద్దంతా బురదలో నిలబడే ఆడవాళ్ల కాళ్లకు మెట్టెల కింద తడి ఆరే సమయమే దొరకదు. వేళ్ల సందులు నాని ఒరిసిపోతాయి, బూజుజాతి క్రిములు చేరతాయి. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లకు బిగుతు మెట్టె కోసుకుపోయినా నొప్పి తెలియదు. అలాంటివాళ్లు పాదాలు రోజూ చూసుకోవాలి, మెట్టెలు వదులుగా చేయించుకోవాలి, పుండు కనిపిస్తే ఆ రోజే తీసేయాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఈ విషయంలో పట్టుబట్టకుండా ఉంటే ఎంతో మేలు.

దురద మొదలయ్యాక చేసే పెద్ద పొరపాటు మందుల షాపుకు వెళ్లి ‘తామర ట్యూబు’ అడగడం. మూడు నాలుగు మందులు కలిపిన ఆ ట్యూబుల్లో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి రెండ్రోజులు హాయిగా ఉంటుంది. తర్వాత చర్మం పలచబడుతుంది. నిజంగా తామరే అయితే రూపం మార్చుకుని లోలోపల పాకుతుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదన్న జాబితాలోకి తెచ్చింది ఈ బాధ చూసే. ముందుగా చేయాల్సింది ఉంగరం తీసేయడం. చర్మం మామూలుగా అయ్యేదాకా పెట్టుకోకుండా, తడి తుడిచి వాజలిన్ రాస్తే సబ్బు వల్ల వచ్చినది చాలామందికి సర్దుకుంటుంది. రెండు వారాలకూ తగ్గకపోయినా, చీము పట్టినా చర్మం డాక్టర్‌కు చూపించాలి. వేలు వాచి ఉంగరం రాకపోతే బలవంతంగా లాగవద్దు. ఆస్పత్రిలో దాన్ని కత్తిరించే పరికరం ఉంటుంది. ఉంగరాన్ని మళ్లీ అతికించుకోవచ్చు.

కొత్త ఉంగరం కొనేవాళ్లు ఒక్కమాట అడగండి. 916 ముద్ర అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారమని అర్థం. మిగతా 84 పాళ్లు ఏ లోహమో ఆ ముద్ర చెప్పదు. 22 క్యారెట్లలో అది మామూలుగా రాగి, వెండి, జింక్. 18, 14 క్యారెట్ల దగ్గర కలిపే లోహం పాలు పెరుగుతుంది కాబట్టి ఆ ప్రశ్న ఇంకా ముఖ్యం. ‘ఇందులో నికెల్ ఉందా?’ అని అడిగి, జవాబు బిల్లు మీద రాయించుకోండి. నగల షాపులవాళ్లూ అడిగించుకోకుండానే ఆ వివరం రాసివ్వాలి.