జమాఖర్చుల సమురాయ్

సమురాయ్ అనగానే మనకు కురొసావా సినిమాలు, ఒరలోంచి సర్రున లేచే కత్తులు గుర్తొస్తాయి. ఉత్తర జపాన్‌లోని కకునొదతేలో నేను చూసిన ఇల్లు మాత్రం దివాణంలో లెక్కలు రాసినవాళ్లది. ఇషిగురో వంశం. 1620లో వెలసిన ఊరు కకునొదతే. సమురాయ్ వీధులు ఒకవైపు, వర్తకుల పేట ఒకవైపు. అగ్గి అంటుకుంటే అటుది ఇటు పాకకుండా మధ్యలో ఖాళీ జాగా. ఇషిగురో వారి వీధి వాకిలి చెక్క మీద 1809 నాటి సిరా రాత ఉంది.

ఇంటికి రెండు గుమ్మాలు. పెద్దది ఇంటివాళ్లది కాదు! హోదా ఉన్న అతిథి వస్తేనే అందులోంచి లోపలికి. ఇంటిల్లిపాదీ పక్క గుమ్మంలోంచి రావాల్సిందే. లోపలా అదే తంతు. మంచి గది అతిథిది. అందులో బొమ్మ వేలాడదీసే తొకొనొమా ముందు చోటూ అతిథిదే. ఎవరు ఎక్కువో ఎవరు తక్కువో వడ్రంగి ముందే తేల్చేసి పెట్టాడన్నమాట. సొంత ఇంట్లో ఇంత ఒదిగి ఎలా బతికారో! నావల్ల కాదు.

పనితనం దగ్గర మాత్రం నోరు మూసుకోవాలి. బరువంతా స్తంభాలు, దూలాల మీదే. గదుల మధ్య ఉన్నవి కాగితం అతికిన జరుపుడు తలుపులు. తీసేస్తే నాలుగు గదులూ ఒక్కటే. గది కొలత కూడా తతామి చాపల లెక్కే. (టోక్యోలో ఇళ్ల అద్దె ప్రకటనల్లో ఇప్పటికీ ఎన్ని చాపల గదో రాస్తారు.)

ఆ తలుపుల పైన, గాలీ వెలుతురూ పక్క గదిలోకి పోవడానికి, రన్మా అనే చిల్లుల చెక్క పలక ఉంటుంది. ఇక్కడి పలకలో తాబేళ్లున్నాయి. తలెత్తి చూస్తే బాగానే ఉన్నాయనిపించింది, అంతే. ఇల్లు చూపించే ఆయన దాని వెనక దీపం పట్టుకున్నాడు. తాబేళ్లు ఎదుటి గోడ మీదికి దిగాయి. దీపం కాస్త కదిపితే అవీ కదిలాయి. ఉలి పట్టినవాడి చూపు చెక్క మీద ఎంత ఉందో, ఎదుటి గోడ మీదా అంతే ఉండాలి. హోదాలూ మర్యాదలూ చూపించడానికి కట్టిన ఇంట్లో ఇదొక్కటీ ఉత్త సరదా. నాకు ఆ ఇంట్లో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

వెనక గదులు కూడా చూడాలని మహా సరదా పడ్డాను గానీ అటు రానివ్వరు. ఇషిగురో వారి వారసులు ఇప్పటికీ ఆ ఇంట్లోనే కాపురం ఉంటున్నారు మరి.