కిటికీ నెత్తిన రెండు చిల్లులు

బ్రిటన్‌లో మామూలు ఇంటికి బయటి గోడంటే రెండు గోడలు. బయటివైపు 100 మిల్లీమీటర్ల మందాన ఇటుకతోనో, కాంక్రీటు బ్లాకులతోనో ఒకటి. లోపలివైపు అంతే మందాన మరొకటి. నడుమ ఖాళీ. పాత ఇళ్లలో అది 50 మిల్లీమీటర్లు, ఇన్సులేషన్ పెట్టడం మొదలయ్యాక 100 నుంచి 150 దాకా పెరిగింది. దీన్నే క్యావిటీ గోడ అంటారు. 1920ల నుంచి అక్కడ ఇళ్లు కట్టేవాళ్లకు ఇది అలవాటైన పద్ధతి.

మన తాపీ మేస్త్రీలకు దీని వెనకున్న ఆలోచన ఒక పట్టాన మింగుడు పడదు. మన దగ్గర తొమ్మిదంగుళాల గోడ లేపి, రెండువైపులా ప్లాస్టరింగ్ చేసి, వానను బయటే ఆపాలని చూస్తాం. అక్కడి గోడ వానతో అంత పంతానికి పోదు. బయటి గోడ తడుస్తుందనీ, ఆ తడి దాని వెనకవైపుకు కూడా వస్తుందనీ ముందే లెక్కలో వేసుకుంటారు. అలా వచ్చిన నీరు ఖాళీలో కిందికి జారాలి, మళ్లీ బయటికి పోవాలి, లోపలి గోడను మాత్రం తాకకూడదు.

ఆ ఒక్క షరతు కోసం ఎంత తతంగమో! రెండు గోడలనూ పట్టి ఉంచే స్టీలు కమ్మీలు అడ్డంగా 900, నిలువుగా 450 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున వేస్తారు. ప్రతి కమ్మీకీ నడిమధ్యలో చిన్న వంపు ఉంటుంది. కమ్మీ వెంట పాకి వచ్చిన బొట్టు అక్కడే తెగి కింద పడటానికి ఆ వంపు. ఇటుక పేర్చేటప్పుడు మాలు జారి ఆ కమ్మీ మీద గడ్డకడితే వంపు ఉన్నా లేనట్టే. తడి ఆ గడ్డ మీదుగా తిన్నగా లోపలి గోడకు ఎక్కుతుంది. అందుకే తెలిసిన మేస్త్రి ఖాళీలో ఒక చెక్కపట్టీ దించి ఉంచుతాడు. రాలిన మాలు దాని మీద పడుతుంది, వరసలు లేచేకొద్దీ పట్టీని పైకి లాగి దులుపుతాడు. తొందరలో ఉన్న సైటులో చాలాచోట్ల ముందు ఎగ్గొట్టేది ఈ పనినే.

కిటికీల దగ్గర అసలు పరీక్ష. పైనుంచి జారే నీటికి లింటెల్ అడ్డొస్తుంది. కాబట్టి దాని మీద క్యావిటీ ట్రే పరుస్తారు. ఇది లోపలి గోడవైపు ఎత్తుగా, బయటికి వాలుగా ఉండే పొర. నీరు పక్కలకు జారి ఇన్సులేషన్‌లోకి దిగకుండా రెండు కొసల్లోనూ అడ్డుకట్టలు ఉండాలి. ట్రే మీద చేరిన నీరు పోవడానికి బయటి గోడలో కనీసం రెండు చిల్లులు ఉండాలి. వీప్ హోల్స్ అంటారు వాటిని. ఇంగ్లండులో భవన నిబంధనలతో పాటు వచ్చే తేమ మార్గదర్శిలోనే ఈ మాట ఉంది. గోడ అడుగున ఖాళీని డీపీసీకి (నేల చెమ్మ పైకి పాకకుండా గోడలో పరిచే పొరకు) కనీసం 225 మిల్లీమీటర్లు కిందికి దించాలి, లేదంటే అక్కడా ట్రే వేసి ప్రతి 900 మిల్లీమీటర్లకూ ఒక చిల్లు వదలాలి అని కూడా అదే చెబుతుంది.

ఇటుక బయటికి కనిపించే గోడలో ఇదంతా తేలిక. రెండిటుకల మధ్య నిలువు సందులో మాలు నింపకుండా వదిలేసినా చాలు. బ్లాకులతో కట్టి పైన ప్లాస్టరింగ్ చేసే గోడకే చిక్కు. చిల్లు వదిలేది గోడ కట్టే మేస్త్రి. కొన్ని వారాల తర్వాత వచ్చి దాన్ని మూసేది పూత పనివాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి ఉండకపోవచ్చు. బ్లాకు అంచుకు సమంగా పెట్టిన ప్లాస్టిక్ గొట్టం మీద 15, 20 మిల్లీమీటర్ల పూత పడితే అది ఎక్కడుందో కూడా తెలియదు. ట్రే మీది నీరు దారి లేక పూత వెనకే నిలుస్తుంది. ముందు రంగు ఉబ్బుతుంది, తర్వాత కిటికీ పైన చారలు, చలికాలంలో ఆ నీరు గడ్డకడితే పూత పెచ్చులూడుతుంది.

పూత వేశాక నీరెలా వస్తుంది, ఇక చిల్లులెందుకు అనేవాళ్లు ఇంజినీర్లలోనూ ఉన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పగలని పూతను ఎవరు చూశారు? సిమెంటు మోతాదు ఎక్కువైన పూత ఆరేటప్పుడు కుంచించుకుని వెంట్రుకవాసి బీటలిస్తుంది. ఆ సన్నటి బీటలు నీటిని తమంత తాముగా లోపలికి పీల్చుకుంటాయి. గట్టి సిమెంటు పూత ఆ తడిని తిరిగి ఆరనివ్వదు. అందుకే పాతకాలం పనివాళ్లు పై పూత ఎప్పుడూ కింది పూత కన్నా మెత్తగా ఉండాలనేవారు. సిమెంటు, సున్నం, ఇసుక 1:1:6 పాళ్లలో కలిపేవారు. మన ఊళ్లలో ప్లాస్టరింగ్ నునుపు తేలాలని పైన ఉత్త సిమెంటు పాలు రుద్దుతారే, దానికి ఇది సరిగ్గా తిరగేసిన పద్ధతి.

బ్రిటన్‌ను వాన ఉరవడిని బట్టి నాలుగు మండలాలుగా విడదీశారు. నాలుగో మండలంలో ఒక్క వాన ముసురులో గోడ చదరపు మీటరుకు తగిలే నీరు 100 లీటర్లు దాటుతుంది. వేల్స్, స్కాట్లండ్‌ల పడమటి తీరాలు అలాంటివి. అక్కడి పాత ఇళ్ల క్యావిటీల్లో ఇన్సులేషన్ ఊది నింపాక గదుల్లో చెమ్మ ఎక్కిందన్న ఫిర్యాదులు పార్లమెంటు దాకా వెళ్లాయి. వేడి నిలపాలనుకున్నారు, నీరు జారే ఖాళీ పోయింది.

ఇంకా పెద్ద గుణపాఠం న్యూజిలాండ్‌ది. 1990ల్లో అక్కడ చెక్క చట్రానికి నేరుగా పలకలు బిగించి, పైన నున్నటి పూత పూసి, వెనక ఖాళీ లేకుండా వేల ఇళ్లు కట్టారు. చూరులు కురచ, పైగా మందు పట్టించని కలప. కిటికీ మూలల్లో దిగిన నీరు బయటికి రాలేక చట్రాన్నే కుళ్లబెట్టింది. 42,000 ఇళ్లు దెబ్బతిన్నాయనీ, మరమ్మతులకు 1,130 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు కావాలనీ 2009లో ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ అంచనా వేసింది. ఈ అంచనా రాకముందే ముప్పు ఎక్కువున్న గోడలకు పూత పలక వెనక 20 మిల్లీమీటర్ల ఖాళీ వదలడం రివాజైంది. ఇరవై మిల్లీమీటర్లంటే మన చిటికెన వేలి మందం కన్నా కాస్త ఎక్కువ, అంతే.

మన దేశంలో బోలు గోడ అనగానే లారీ బేకర్ గుర్తొస్తాడు. బర్మింగ్‌హామ్‌లో పుట్టి కేరళలో స్థిరపడిన ఆ వాస్తుశిల్పి ప్రచారం చేసిన ర్యాట్ ట్రాప్ పద్ధతిలో ఇటుకలు అంచు మీద నిలబడతాయి, గోడలో బోలు మిగులుతుంది. ఇటుక ఆదా, ఇల్లు చల్లన. అయితే అందులో అడ్డంగా పెట్టే ఇటుకలు బయటినుంచి లోపలికి వంతెన వేస్తాయి కాబట్టి, అది వేడికి అడ్డేగాని వాన నీరు బయటికి పోయే దారి కాదు. క్యావిటీ గోడనూ దీన్నీ ఒకటనుకుని తీరప్రాంతంలో కట్టేవాళ్లు జాగ్రత్తపడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన రోజున వాన పైనుంచి కాక పక్కనుంచి కొట్టడం అక్కడివాళ్లు చూశారు.

ఇంగ్లండులోనో, ఐర్లండులోనో కొత్త ఇల్లు కొంటున్న తెలుగువాళ్లు వంటగది, పడకగదుల కొలతలు నాలుగుసార్లు చూసుకుంటారు. పూతకు ముందు ఒకసారి సైటుకు వెళ్లి, ఒక్కో కిటికీ నెత్తిన రెండు గొట్టాలు ఉన్నాయా, అవి పూత మందాన్ని దాటి బయటికి వచ్చేంత పొడవున్నాయా చూడండి. పరంజా విప్పకముందే మళ్లీ వెళ్లి, వాటిలో ఎన్ని ఇంకా తెరిచి ఉన్నాయో లెక్కపెట్టండి. పూత కింది అంచు నేలకు 150 మిల్లీమీటర్ల పైనే ఆగిందా, డీపీసీని దాటి కిందికి దిగిందా అన్నదీ గమనించండి. గొట్టాలు మూసుకుపోయి ఉంటే పరంజా ఉండగానే తెరిపించుకోండి. అది విప్పాక అదే పనికి అయ్యే ఖర్చు మీ నెత్తిన పడుతుంది.