మెడ మీద వేళ్లు

తలనొప్పి అంటూ ఇంటర్ పిల్లలెవరైనా వస్తే నేను మెడ తడిమి చూడకుండా పంపను. వాళ్ల వెనక నిలబడి, గడ్డం కాస్త దించమని, రెండు చేతుల వేళ్ల కొసలతో చెవుల కింద మొదలుపెడతాను. దవడ అంచు, మెడ పక్కలు, మెడ వెనక, ఆఖరికి కాలర్ ఎముక పైనున్న గుంట. నొక్కకూడదు, వేళ్లను మెల్లగా తిప్పాలి. గట్టిగా నొక్కితే చిన్న బిళ్ల, అంటే వాచిన లింఫ్ గ్రంథి, జారిపోతుంది. రెండు నిమిషాల పని. ఓపీల్లో ఆ రెండు నిమిషాలే కరువవుతున్నాయి. చెయ్యి వెయ్యకుండానే స్కానింగుకు చీటీ రాసేస్తున్నాం.

బిళ్ల కట్టిందనగానే తల్లులకు క్యాన్సర్ గుర్తొస్తుంది. చాలాసార్లు అదేమీ కాదు. గొంతు చెడితే దవడ మూల దగ్గర కడుతుంది. పన్ను పుచ్చితే దవడ కింద. తలలో పేలు పడి, గోకి పుండైతే మెడ వెనక. అందుకే చేతికి బిళ్ల తగలగానే నోరు తెరిపిస్తాను, జడ విప్పమంటాను. హాస్టల్లో పేలు పట్టాయని చెప్పుకోవడం ఆడపిల్లలకు ఎంత సిగ్గో! ఆ మాట పదిమందిలో అడగను.

ముట్టుకుంటే నొప్పి పుడుతూ, వేలి కింద కదిలే మెత్తటి బిళ్లకు నేను కంగారుపడను. నొప్పి లేదు కదా, పోనిద్దాం అని ఇంట్లోవాళ్లు వదిలేసిన బిళ్లే నన్ను ఆలోచనలో పడేస్తుంది. ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టిన బిళ్లలు, సాయంత్రం జ్వరం, తగ్గుతున్న బరువు ఉంటే మన దగ్గర ముందు అనుమానించాల్సింది క్షయనే. రబ్బరులా గట్టిగా ఉండి పెరుగుతూ పోయినా, కాలర్ ఎముక పైన తగిలినా లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, కాదని తేల్చుకోవాలి. 1832లో థామస్ హాడ్జ్‌కిన్ వర్ణించిన రకం ఈ ఈడు పిల్లలకూ వస్తుంది. సరైన వైద్యం అందితే ఎక్కువమందికి నయమవుతుంది. కానీ ముక్క పరీక్ష కాకముందే స్టెరాయిడ్ మాత్రలు వాడితే బిళ్ల కరిగి, జబ్బు దాక్కుంటుంది. ఇలా వాడుకుని వచ్చిన పిల్లల్ని చూస్తే నాకు దుఃఖమూ కోపమూ రెండూ వస్తాయి.

జ్వరం, గొంతునొప్పి, తలనొప్పి, బిళ్లలు కలిసి వచ్చి వారం పదిరోజుల్లో తగ్గుముఖం పడితే అది చాలాసార్లు మామూలు వైరస్సే. ఎప్‌స్టీన్-బార్ వైరస్ అయితే నీరసం వారాలు పీడిస్తుంది, ప్లీహం వాస్తుంది. దెబ్బ తగిలితే అది చిట్లే ప్రమాదముంది కనుక, డాక్టరు సరేననేదాకా కబడ్డీ మానాల్సిందే.

తలనొప్పి రోజురోజుకూ ముదురుతూ, వాంతులవుతూ, పిల్లవాడు మగతగా మారుతుంటే సంగతి వేరు. మెడలో క్షయ బిళ్లలు కూడా ఉంటే మెదడు పొరలకు పాకిందేమోనని ఆ రోజే పెద్దాసుపత్రికి పంపాలి. మెడ బిగుసుకునేదాకా ఆగకూడదు.

అయితే చాలామంది పిల్లల తలనొప్పికి బిళ్లతో సంబంధమే ఉండదు. నిద్ర చాలదు, టిఫిన్ తినరు, కొందరిది మైగ్రేన్. "మీరు కాసేపు బయట కూర్చోండమ్మా" అని తల్లిని పంపితే, మార్కుల భయమో వార్డెన్ తిట్లో అప్పుడు బయటికొస్తాయి.

తల్లి తిరిగొచ్చాక ఇంకొకటి అడుగుతాను, ఇంట్లో ఎవరికైనా దగ్గుందా అని. తాతయ్య నెలల తరబడి దగ్గుతున్నాడంటే ఆయనకూ కళ్లె పరీక్ష రాస్తాను. సర్కారు ఆసుపత్రిలో ఆ పరీక్షా, క్షయ మందులూ ఉచితం.