మెత్తని కంఠము – నిండు ఊపిరి

మేము సంగీత విద్వాంసులము కాము. ముప్పదియైదేండ్లు గుమాస్తా పని చేసి, ఇప్పుడు సత్తువాచారిలో విశ్రాంతి దినములు గడుపుచున్న వారము. చెవి తప్ప మాకు వేరొక అధికారము లేదు. ఆ చెవి చెప్పిన మాటను ఒకనాడు మేము లక్ష్యపెట్టక తప్పు తీర్పు చెప్పితిమి. ఆ తప్పును గూర్చియు, దాని వెనుక నున్న ఒక గానవిద్యను గూర్చియు చెప్పుకొనుటకే ఈ వ్యాసము.

కొన్ని సంవత్సరములకు పూర్వము మన తెలుగు కుటుంబముల పిల్లలకు పద్యపఠన పోటీ జరిగినది. తీర్పరులు ముగ్గురిలో మేమొకరము. పోతన భాగవతమున, గజేంద్రుడు తన బలమంతయు పోయినదని భగవంతునితో మొరపెట్టుకొను ప్రసిద్ధమైన శార్దూల పద్యమును అందరును పాడవలెనని నియమము. ఒక బాలుడు నాలుగున్నర శ్రుతిలో అందుకొని, ప్రతి పాదము చివరను రాగమును సాగదీసి, ముఖము ఎఱ్ఱబడునట్లు పాడెను. సభ చప్పట్లతో మారుమ్రోగెను. తరువాత గుడియాత్తం నుండి వచ్చిన బాలుడొకడు తక్కువ శ్రుతిలో, ప్రక్కనున్న వానితో తన కష్టము చెప్పుకొనుచున్నట్లు మెల్లగా పాడెను. వెనుక వరుసలవారు మాటలలో పడిరి. మేము మొదటివానికి బహుమతి ఇచ్చితిమి. రెండవవాని కాగితముపై "గొంతు చాలదు" అని మా చేతితోనే వ్రాసితిమి. ఆ పిల్లవాడు మరుసటి యేడు పోటీకి రాలేదు. ఆ తరువాతి యేడును రాలేదు.

ఇంటికి వచ్చి పద్యమును మరల చదువుకొనగా మా తప్పు మాకు తెలిసినది. మొసలి నోట చిక్కి, పోరి పోరి అలసి, తెలివి తప్పుచున్న ఏనుగు పలుకు పద్యమది. బిగ్గరగా అరవగల బలమే ఉన్నచో ఆ మొర అక్కరయే లేదు. ఇక పద్యము కట్టుబడిని చూడుడు. శార్దూలమునకు పాదమునకు 19 అక్షరములు, 13వ అక్షరము యతిస్థానము. ఈ పద్యము మొదటి పాదమున యతిస్థానము ఒక మాట నడుమ పడినది. అచ్చట ఊపిరి తీసికొన్నచో ఆ మాట రెండు ముక్కలగును. పాదము చివర నున్న ప్రాణములను మాటకు క్రియ రెండవ పాదమున నున్నది. పాదము కాగానే రాగము తీయ మొదలిడినచో కర్త ఈ గట్టునను, క్రియ ఆ గట్టునను నిలిచిపోవును. బహుమతి పొందిన బాలుడు ఈ రెండు పొరపాట్లును చేసెను. గుడియాత్తం బాలుడు యతి దగ్గర ఆగలేదు. పాదము దాటి క్రియను అందుకొనువరకు ఊపిరి విడువలేదు. వానికి గొంతు చాలకపోవుట కాదు, మాకు వినికిడి చాలలేదు.

మెత్తగా పాడుట సులభమని లోకమున ఒక భ్రమ కలదు. నిజము దీనికి విరుద్ధము. బిగ్గరగా పాడువాడు ఊపిరిని ఒక్కమారు గుప్పించి నెట్టివేయును. అది అయిపోగానే మరల తీసికొనును. మెత్తగా పాడువాడు ఊపిరిని అడుగువరకు నింపుకొని, ప్రక్కటెముకలు ఒక్కసారిగా కుంగిపోకుండ నిలుపుకొని, సన్నని ధారగా విడువవలెను. ధార తగ్గినచో స్వరము జారును. హెచ్చినచో మెత్తదనము చెడును. పాశ్చాత్య గాయకులు వెలుగుచున్న క్రొవ్వొత్తిని నోటి ముందుంచుకొని, జ్వాల కదలకుండ పాడుట సాధన చేసెడివారు. మన పెద్దలు తెల్లవారుజామున మంద్రస్థాయిలో అకార సాధన చేయించినదియు ఇందులకే. త్యాగరాజస్వామి సప్తస్వరములను కొనియాడిన జగన్మోహిని రాగ కృతిలో నాదస్థానములను చెప్పుచు, నాభిని మొదట ఉంచి, హృదయమును కంఠమును తరువాత చెప్పెను. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున గాయకులకు 25 దోషములు లెక్కించెను. నుదుటను మెడను నరములు ఉబ్బునట్లు పాడువానికి ఝొంబకుడనియు, బుగ్గలు బూరెలవలె ఉబ్బించువానికి తుంబకి యనియు పేర్లు పెట్టెను. మేము బహుమతి ఇచ్చినది ఆయన దోషములలో లెక్కించిన పాటకే!

అట్లని బిగ్గర గొంతును నిందించుట మా ఉద్దేశము కాదు. మన ఉత్తర ఆర్కాటు పల్లెలలో ద్రౌపదీ అమ్మవారి ఉత్సవములందు తెల్లవార్లు జరుగు వీథినాటకమున వేషధారి ఊరంతటికిని వినిపింపవలెను. మైకులు లేని రోజులలో పద్యనాటకపు నటుల అవస్థయు అదియే. హార్మోనియము శ్రుతి పెంచి, చివరి వరుసవానికి అందించుటకు పాడిరి. ఆ అవసరమే రానురాను అలవాటై, అలవాటే గొప్ప యైనది. "వన్సుమోరు" కేకల కొరకు రాగము పెరిగి, భావము తరిగినది. బళ్ళారి రాఘవాచార్యులవారు (1880–1946) నాటకమున ఈ రాగాల అతిని నిరసించి, పద్యమును భావప్రధానముగ పలుకవలెనని పట్టుబట్టిరి. అయినను చప్పట్లు రెండవ పక్షముననే ఉండెను.

ఆ చప్పట్లకు లొంగని మెత్తని కంఠములు మన ప్రక్కనే పుట్టి పెరిగినవని ఎందరు గుర్తింతురు? 1911 వరకు చిత్తూరు మన ఉత్తర ఆర్కాటు జిల్లాకే ముఖ్యపట్టణము. అచ్చటి రామవిలాస సభ నాటకములలో రాటుదేలిన వారు చిత్తూరు నాగయ్యగారు (1904–1973). రంగస్థలమునుండి వచ్చియు ఆయన రంగస్థలపు కేకను వెంట తేలేదు. 1946లో తానే దర్శకత్వము వహించి నటించిన "త్యాగయ్య" చిత్రమును మేము ఎన్నిమారులు చూచితిమో లెక్క లేదు. అందు కీర్తనలు పాడునపుడు ఆయన సభకు పాడుచున్నట్లుండదు. పూజగదిలో స్వామికి పాడుచున్నట్లుండును. పల్లవి చివర గొంతు తగ్గును, మాట మాత్రము తగ్గదు. కడపటి అక్షరము కూడ నిండుగా వినవచ్చును. ఊపిరి మిగిలియున్నవానికే అది సాధ్యము. లోపము లేదని చెప్పము. వేగముగల సంగతులలో ఆయన కంఠము విద్వాంసుల కంఠమంత చురుకైనది కాదు. కాని త్యాగరాజు దైన్యమును వినిపించుటకు చురుకుదనముతో పనిలేదు.

చిత్తూరు జిల్లాలోనే పుట్టిన ఎ. ఎం. రాజాగారు (1929–1989) రెండవవారు. 1954 నాటి "విప్రనారాయణ"లో అక్కినేనికిని, 1955 నాటి "మిస్సమ్మ"లో రామారావుకును పాడినది ఆయనయే. ఆ "మిస్సమ్మ" తమిళ రూపమున జెమినీ గణేశన్‌కును ఆ గొంతే. అందుచేత మన వీథిలోని తమిళులును మనమును ఒకే కంఠమును మన కంఠమనుకొంటిమి. సాలూరి రాజేశ్వరరావు స్వరపరచిన "మిస్సమ్మ" యుగళగీతములో, చందమామను పిలుచునపుడు, రాజాగారి హెచ్చు స్థాయి స్వరము పట్టుగుడ్డవలె జారును గాని ఎచ్చటను సన్నగిలదు. మైకు ఆయనకు ఊతకఱ్ఱ కాదు, కిటికీ మాత్రమే. అయితే రౌద్రమునకు, యుద్ధ పద్యములకు ఆ కంఠము చాలదని ఒప్పుకొనవలసినదే. ఆ రెండును చేయగలిగినవారు ఘంటసాలగారు (1922–1974). విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద శిక్షణ పొందిన ఆయన, పౌరాణిక పద్యములను గర్జించినట్లు పాడియు, కరుణశ్రీ "పుష్పవిలాపము"ను పువ్వు నలుగనంత మెత్తగా పాడిరి. రెంటికిని ఆధారము ఒకే ఊపిరి.

ఇది మన ఒక్కరి కథ కాదు. పాశ్చాత్యుల సంగీత నాటకమైన ఒపెరాలో టెనర్ అను హెచ్చు స్థాయి పురుష కంఠము కలదు. 1829లో పారిసున రోస్సినీ "విలియం టెల్" మొదటిసారి ప్రదర్శించినపుడు అడాల్ఫ్ నూరీ ప్రధాన టెనర్ పాత్రధారి. పై స్వరములను శిరస్సున మ్రోగించి మృదువుగా పాడుట ఆయన మార్గము. 1837లో జిల్బేర్ డ్యూప్రే అను గాయకుడు ఆ నాటకముననే తారస్థాయి షడ్జమును రొమ్ముబలముతో పాడగా పారిసు పిచ్చెక్కినది. నూరీ పారిసు విడిచి, ఆ కొత్త రీతిని నేర్చుకొనుటకు ఇటలీ చేరెను. ఉన్న కంఠమును కూడ పోగొట్టుకొని, 1839లో నేపుల్సు పట్టణమున ప్రాణము తీసికొనెను. తరువాత ఇరువదవ శతాబ్దమున టీటో స్కీపా అను చిన్న కంఠము గాయకుడు ఊపిరి నేర్పుతోనే పెద్ద నాటకశాలలను నిశ్శబ్దముగ కూర్చుండబెట్టెను గాని, డ్యూప్రే తెచ్చిన రుచియే లోకమున నిలిచినది. ప్రేక్షకుల చెవి మారినచో గాయకుని బ్రతుకే మారునని ఈ చరిత్ర చెప్పుచున్నది.

ఇప్పటి స్థితి మరియు విచిత్రము. మైకు వచ్చిన తరువాత అరవవలసిన పని లేదు; అయినను వేదికపై పద్యము పాడువారు మైకులోనే అరచుచున్నారు. మరొకవైపు సినిమా పాటలో కొందరు యువకులు మైకు పెదవులకు ఆనించి గుసగుసలాడుచున్నారు. అది మెత్తదనమని పలువురు అనుకొనుచున్నారు. మైకు తీసివేసిన ఆ గుసగుస మూడవ వరుసకు చేరదు. నాగయ్యగారి మెత్తదనము ఊపిరినుండి పుట్టినది. ఈ మెత్తదనము యంత్రమునుండి పుట్టినది. రెంటికిని గల భేదము తెలియని సభలో ఊపిరి గల పిల్లవాడు "గొంతు చాలదు" అనిపించుకొనును.

తమిళనాట పుట్టి పెరుగుచున్న మన పిల్లలకు తెలుగు బడిలో దొరకుట అరుదు. పద్యములోను పాటలోను దొరకవలెను. ఆ పద్యమును అరుపుగా నేర్పినచో వారికి అర్థము అందదు. అర్థమందని భాష నిలువదు. కావున సంఘము పెద్దలకు మా విన్నపము. రాబోవు పోటీలలో ఒక్క విడత మైకు లేకుండ, చిన్న గదిలో నడిపింపుడు. రాగము పొడవునకు మార్కులు తీసివేసి, మాట విరుగకుండ ఊపిరి నిలిపినవానికి మార్కులు వేయుడు. వినువారిని చప్పట్లు పద్యము పూర్తియగువరకు ఆపుకొనుమని కోరుడు.

గత మాసమున మేము గుడియాత్తం పోయి ఆ పిల్లవాని ఇల్లు వెదకి పట్టుకొంటిమి. ఇప్పుడు కళాశాలలో చదువుచున్నాడు. "ఇప్పుడు పాడేది లేదు తాతా" అనెను. బ్రతిమాలగా, గోడకు ఆనుకొని ఆ పద్యమునే పాడెను. వంటింట వాని తల్లి చేయుచున్న పని ఆపినది. మాకు ప్రతి అక్షరమును వినబడినది.

ఆనాడు వాని కాగితముపై వ్రాసిన రెండు మాటలను ఇచ్చట కొట్టివేయుచున్నాము. కొట్టివేసిన చోట ప్రక్కన పొట్టి సంతకము చేయుట గుమాస్తాలకు విధి. ఈ వ్యాసమును ఆ సంతకముగా గ్రహింపగోరుచున్నాము.