తుఫాను ముందు సర్వర్లను ఆపే వరస

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. చాలా ఊళ్లకు కరెంటు రావడానికి రోజులు పట్టింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబర్ 12న, విశాఖను కొట్టిన హుద్‌హుద్ విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనూ చీకట్లో ముంచింది. ఇలాంటి సీమలో సర్వర్లు నడిపేవాళ్లకు వాటిని ఆపడం కూడా వచ్చి తీరాలి. మనం మాత్రం క్లస్టర్ కట్టడం శ్రద్ధగా నేర్చుకుంటాం, ఆపడం దగ్గరికొచ్చేసరికి బటన్ నొక్కేస్తాం. ఆపుతుండగా సర్వర్ క్రాష్ అయితే ర్యామ్ మీదో పవర్ సప్లై మీదో అనుమానం పోతుంది. మూడు సర్వర్ల చిన్న క్లస్టర్లో ముందు అనుమానించాల్సింది మనం ఆపిన వరసనే అంటాను.

వర్చువల్ మెషిన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్ మీద, డేటాను సర్వర్ల మధ్య కాపీలుగా పంచే సెఫ్ స్టోరేజీ పెట్టిన మూడు సర్వర్లు తీసుకుందాం. మామూలుగా డేటాకు మూడు కాపీలు, సర్వర్‌కొకటి. పని సాగాలంటే కనీసం రెండు బతికుండాలి. మొదటి సర్వర్ ఆపితే ఏమీ కాదు. రెండోది ఆపగానే మిగిలేది ఒక్క కాపీ, సెఫ్ చదవడం, రాయడం రెండూ నిలిపేస్తుంది. మూడోదాని మీద ఇంకా నడుస్తున్న వర్చువల్ మెషిన్ ఆగాలంటే చివరగా డిస్కు మీద రాయాలి. ఆ డిస్కే పలకదు. మరోపక్క సర్వర్లను క్లస్టర్‌గా కలిపి ఉంచే కోరోసింక్‌లో క్వోరమ్, అంటే మెజారిటీ, పోయింది, ముగ్గురిలో ఒక్కడి మాట చెల్లదు. హెచ్‌ఏ (సర్వర్ పోతే దాని మెషిన్లను మరోదాని మీద లేపే ఏర్పాటు) కింద మెషిన్లున్న సర్వర్నైతే సుమారు నిమిషంలో వాచ్‌డాగ్ టైమర్ రీసెట్ చేసేస్తుంది. షట్‌డౌన్ చెప్పిన సర్వర్ తనంతట తానే మళ్లీ బూట్ అవుతుంటే చూసినవాళ్లకు అది క్రాషే.

రుజువు లాగ్‌లో దొరుకుతుంది. కిందటి బూట్ తాలూకు చివరి వరుసల్లో క్వోరమ్ పోయిందని, ఆ వెంటనే వాచ్‌డాగ్ గడువు తీరిందని ఉంటే హార్డ్‌వేర్ జోలికి పోనక్కర్లేదు. హెచ్‌ఏ లేనిచోట, ఏదో ప్రాసెస్ 120 సెకన్లకు పైగా ఇరుక్కుందని కెర్నల్ చెబితే స్టోరేజీయో నెట్‌వర్కో ముందే పోయి ఉంటుంది. రీసెట్‌కు ముందటి లాగ్ వరుసలు ఒక్కోసారి డిస్కుకు చేరవు. అప్పుడు పక్క సర్వర్లు ఏ నిమిషానికి ఆగాయో పోల్చాలి. అదీ కుదరకపోతేనే సర్వర్ హార్డ్‌వేర్ తాలూకు ఐపీఎంఐ లాగ్‌లో పవర్, వేడి, మెమరీ దోషాలు వెతకాలి.

వాచ్‌డాగ్‌నే తీసేస్తే పోదా అంటారు. క్లస్టర్ నెట్‌వర్క్ తెగి, స్టోరేజీ మాత్రం అందుతున్న సర్వర్ తానే ఆగకపోతే, దాని మీద నడుస్తున్న మెషిన్‌నే మిగతా రెండిట్లో ఒకటి కూడా లేపుతుంది. ఒకే డిస్కు మీద ఇద్దరు రాస్తే ఫైల్‌సిస్టమ్ మిగలదు. జనరేటర్ ఉందిగా అనేవాళ్లున్నారు. చెట్లు పడి దారులు మూసుకుపోయిన రోజుల్లో డీజిల్ ఎలా వస్తుంది? పైగా వాతావరణ శాఖ ముందే కబురు చెబుతుంది. ఆ కబురు వినగానే పొలంలో పనలను కుప్పేసి కప్పుకునే రైతుకు ఏది ముందో, ఏది తర్వాతో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడా ముందు వర్చువల్ మెషిన్లన్నీ ఆపాలి. తర్వాత హెచ్‌ఏ సర్వీసులు, ఆపైన సెఫ్‌కు నోఅవుట్ జెండా, చివర సర్వర్లు ఒక్కొక్కటిగా. నాలుగైదు సర్వర్లుంటే ఆ జెండా మరీ ముఖ్యం. లేకపోతే పది నిమిషాలకే పోయిన కాపీలను వేరేచోట కట్టడం మొదలవుతుంది. లేపేటప్పుడు మూడింటినీ కలిపి లేపి, సెఫ్ కుదురుకున్నాకే జెండా తీసి మెషిన్లు నడపాలి. ఈ వరసను కాగితం మీద రాసి ర్యాక్‌కు అంటించి, సెప్టెంబర్‌లోనే ఒకసారి చేసి చూడాలి. చివరి మెషిన్ ఆగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో అందులోనే రాసి, యూపీఎస్ బ్యాటరీ ఎన్ని నిమిషాలు నిలుస్తుందో దాని పక్కనే రాయాలి.